కుటుంబాల రిజిస్టర్ రాసిన డాక్టరు - కత్‌బర్ట్ డ్యూక్స్ జీవితం



వార్షికోత్సవ సంచిక వచ్చిన ప్రతిసారీ మహనీయుల జీవితాలు చదువుకోవడం మనకు అలవాటు. దేశం కోసం, సమాజం కోసం పోరాడిన వారి గురించి ఇంతకు ముందు ఎందరో రాశారు. ఈసారి నేను ఒక డాక్టరు గురించి రాస్తున్నాను. ఆయన కొత్త మందు కనిపెట్టలేదు, పెద్ద ఆపరేషన్లు చేసి పేరు తెచ్చుకోలేదు. ముప్పై నాలుగేళ్ల పాటు ఒకే ఆస్పత్రిలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. తను చూసింది చూసినట్టు రాశారు, అడగాల్సిన వాళ్లను అడిగి రాశారు. ఆ రాతల వల్ల వందలాది కుటుంబాల్లో పిల్లలు, తమ తల్లిదండ్రులు చనిపోయిన వయసు దాటి బతికారు. ఆయన పేరు డాక్టర్ కత్‌బర్ట్ డ్యూక్స్. ఎం.బి.బి.ఎస్. చదివేవాళ్లకు ఈ పేరు పెద్దపేగు క్యాన్సర్ పాఠంలో తప్పకుండా తగులుతుంది. మిగిలిన మనకు మాత్రం ఆయన దాదాపు తెలియని మనిషి.

బాల్యం, చదువు

డ్యూక్స్ 1890లో ఇంగ్లండులోని సోమర్‌సెట్ జిల్లా బ్రిడ్జ్‌వాటర్‌లో పుట్టారు. తండ్రి ఎడ్విన్ జాషువా డ్యూక్స్ ఒక చర్చిలో మత బోధకుడు. అంతకు ముందు చైనాలో పనిచేసి, అక్కడి జనజీవితం మీద పుస్తకం కూడా రాశారు. అన్నదమ్ములు ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. ఆష్లీ డ్యూక్స్ నాటక రచయిత అయ్యారు. పాల్ డ్యూక్స్ రష్యాలో విప్లవం జరిగిన రోజుల్లో బ్రిటన్ తరఫున గూఢచారిగా పనిచేసి పత్రికలకెక్కారు. మన డ్యూక్స్ మాత్రం ప్రయోగశాలను ఎంచుకున్నారు.

ఆయన చదివిన కేటరమ్ స్కూలు, మత బోధకుల కొడుకుల కోసం 1811లో మొదలైన బడి. ఇంటికి దూరంగా, నలుగురితో కలిసి ఒకే గదుల్లో ఉండి చదవడం ఆయనకూ తెలుసన్నమాట. తర్వాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1914లో డాక్టరయ్యారు. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. చేతికి పట్టా వచ్చిన వెంటనే సైన్యపు వైద్య విభాగానికి వెళ్లాల్సి వచ్చింది.

యుద్ధం ముగిశాక లండన్‌లో సూక్ష్మజీవుల శాస్త్రం బోధించే ఉద్యోగం చేశారు. 1924లో ఆపరేషన్ గదుల్లోకి శుభ్రతను తెచ్చిన లార్డ్ లిస్టర్ జీవిత చరిత్ర రాశారు. మరుసటి ఏడు ఆహార పదార్థాల్లోని సూక్ష్మజీవుల మీద మరో పుస్తకం రాశారు. చదివింది నలుగురికీ అర్థమయ్యేలా రాయడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం.

బీదల కోసం పెట్టిన ఆస్పత్రి

1922లో డ్యూక్స్ లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రిలో పాథాలజిస్టుగా చేరారు. పాథాలజిస్టు అంటే రోగి శరీరం నుంచి తీసిన ముక్కను పరీక్షించి, అది ఏ జబ్బో తేల్చి చెప్పే డాక్టరు. రోగికి ఆయన ముఖం కూడా తెలియకపోవచ్చు. ఆయన రాసిన రిపోర్టు మీదే వైద్యమంతా ఆధారపడుతుంది.

ఆ ఆస్పత్రి కథ కూడా మనం తెలుసుకోవాలి. 1835లో ఫ్రెడరిక్ సామన్ అనే సర్జన్ ఏడు పడకలతో దాన్ని మొదలుపెట్టారు. మలద్వారానికి, పెద్దపేగు చివరి భాగానికి వచ్చే జబ్బులతో బాధపడే బీదవాళ్ల కోసమే పెట్టారు. ఆ జబ్బులంటే ఎవరికైనా సిగ్గు. పేదవాడికైతే సిగ్గుతో పాటు డబ్బు లేకపోవడం కూడా తోడవుతుంది. ప్రసిద్ధ నవలా రచయిత చార్లెస్ డికెన్స్‌కు 1841లో భగందరం ఆపరేషన్ చేసింది ఈ సామన్ గారే. 1854 ఏప్రిల్ 25న, సెయింట్ మార్క్ పండుగ రోజున, సిటీ రోడ్‌లో కొత్త భవనం తెరిచారు. అప్పటి నుంచి ఆ పేరు స్థిరపడింది. 1995లో ఆ ఆస్పత్రి సిటీ రోడ్ వదిలి హారోకు మారింది.

డ్యూక్స్ చేరేనాటికి అక్కడి సర్జన్లు చెయ్యి తిరిగినవాళ్లు. అయితే ఆపరేషన్‌లో తీసిన పేగును కోసి, పొరపొరగా చూసి, అందులో ఏముందో వివరంగా రాసిపెట్టే పని అంతవరకు ఒక పద్ధతిలో జరగలేదు. డ్యూక్స్ ఆ పని మొదలుపెట్టారు.

పేగులో పిలకలు

పెద్దపేగు లోపలి పొర మామూలుగా నున్నగా ఉంటుంది. కొందరిలో దాని మీద పులిపిర్ల లాంటి చిన్న పిలకలు లేస్తాయి. వీటినే పాలిప్స్ అంటారు. వయసు మళ్లిన వారిలో ఒకటో రెండో ఉండటం కొత్త కాదు. ఇవి క్యాన్సర్‌గా మారతాయా, లేక క్యాన్సర్‌తో వీటికి సంబంధమే లేదా అన్నది అప్పట్లో తేలని ప్రశ్న. డ్యూక్స్ ఎన్నో పేగు ముక్కలు పరీక్షించి, అడినోమా అనే రకం పిలకలు మెల్లమెల్లగా క్యాన్సర్ వైపు వెళతాయని 1926లో వ్యాసం రాశారు. ఈనాడు కొలనోస్కోపీలో పిలక కనబడితే వెంటనే కత్తిరించి తీసేయడం వెనక ఉన్నది ఈ ఆలోచనే.

అయితే కొందరు రోగుల్లో పిలకలు ఒకటీ రెండూ కావు. వందలు, ఒక్కోసారి వేలు. పేగు లోపలంతా పిలకలు పరచుకుని ఉండేవి. ఆ రోగులు ముసలివాళ్లు కాదు, ఇరవైలలో, ముప్పైలలో ఉన్నవాళ్లు. ఆరా తీస్తే ఎవరికో తండ్రి, ఎవరికో మేనత్త, ఎవరికో అక్క అదే విధంగా చిన్న వయసులో పోయారని తెలిసేది. అదే ఆస్పత్రిలో పెద్ద సర్జన్ అయిన లాక్‌హార్ట్-మమ్మరీ 1925లో ఇలాంటి మూడు కుటుంబాల గురించి వైద్య పత్రికలో రాశారు. ఈ జబ్బు వంశపారంపర్యంగా వస్తోందని, చివరకు క్యాన్సర్‌గా మారుతోందని చెప్పారు. దీన్ని ఇప్పుడు ఫెమీలియల్ అడినోమేటస్ పాలిపోసిస్ అంటున్నారు. మన సౌకర్యం కోసం వంశపు పాలిపోసిస్ అందాం.

ఇది అరుదైన జబ్బు. సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుంది. పిలకలు ఎక్కువగా పదేళ్ల వయసు దాటాక మొదలవుతాయి. వైద్యం చేయకపోతే దాదాపు అందరిలోనూ క్యాన్సర్‌గా మారుతుంది, అది కూడా సగటున నలభై ఏళ్ల వయసుకే. తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం, రాకపోవడానికి సగం అవకాశం. ఆడ, మగ తేడా లేదు. ప్రతి కాన్పుకూ బొమ్మా బొరుసూ వేసినట్టే. రాని బిడ్డ నుంచి వాళ్ల పిల్లలకు వెళ్లదు. కొందరికి ఇంట్లో ఎవరికీ లేకపోయినా కొత్తగా మొదలవడం కూడా ఉంది.

అసలు చిక్కు ఏమిటంటే, మొదట్లో ఈ జబ్బుకు ఏ బాధా ఉండదు. నెత్తురు పడటం, విరేచనాలు, నీరసం మొదలై ఆస్పత్రికి వచ్చేసరికి చాలామందిలో అప్పటికే క్యాన్సర్ వచ్చేసి ఉంటుంది. కాబట్టి బాధ వచ్చాక వచ్చిన మనిషిని చూసినంత మాత్రాన సరిపోదు. ఇంకా బాధ మొదలవని వాళ్ల తమ్ముణ్ణి, చెల్లెల్ని, పిల్లల్ని పిలిచి చూడాలి. పిలవాలంటే వాళ్లెవరో తెలియాలి. అందుకే రిజిస్టర్ పుట్టింది.

రిజిస్టర్, ఒక కుర్రాడు

1924లో సెయింట్ మార్క్స్‌లో పాలిపోసిస్ రిజిస్టర్ మొదలైంది. ప్రపంచంలో ఈ జబ్బుకు పెట్టిన మొదటి రిజిస్టర్ అదే. 2024కు దానికి నూరేళ్లు నిండాయి. ఒక రోగి వస్తే అతని తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, వాళ్ల వయసులు, ఎవరు ఏ జబ్బుతో ఎప్పుడు పోయారు, ఎవరిని పరీక్షించారు, ఎవరిని ఇంకా పరీక్షించాలి అన్నదంతా అందులో వంశవృక్షంగా గీసి పెట్టేవారు.

ఈ పనిలో డ్యూక్స్‌కు కుడిభుజంగా నిలిచిన మనిషి బస్సీ. ఆయన ప్రయోగశాలలో సహాయకుడిగా చేరినప్పుడు ఇంకా ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు. డాక్టరు చదువు చదవలేదు. పేగు ముక్కలు భద్రపరచడం, అద్దాల మీద పొరలు తయారు చేయడం, రిజిస్టర్ రాయడం ఆయన పని. ఆ రిజిస్టర్‌ను ఆయన దశాబ్దాల తరబడి వదలలేదు. కుటుంబాల్లోని వాళ్లు ఊళ్లు మారితే వెతికారు. ఒక తరం రోగుల పిల్లల పేర్లు రాసుకుని, వాళ్లు పెద్దయ్యాక వాళ్ల పిల్లల పేర్లు కూడా రాసుకున్నారు. ఈ పని మీదే పెద్ద వయసులో డాక్టరేట్ పొందారు. 1975లో వచ్చిన ఆయన పుస్తకం ఈ జబ్బు మీద ప్రపంచమంతా ఆధారంగా చూసుకున్న గ్రంథం అయింది. ల్యాబులో సహాయకుడిగా చేరిన కుర్రాడు ఆ రంగంలో పండితుడయ్యాడంటే ఆయన శ్రమ ఎంతో, ఆయన్ని నమ్మి పని అప్పగించిన డ్యూక్స్ మనసు ఎలాంటిదో మనం అర్థం చేసుకోవచ్చు.

రిజిస్టర్ వల్ల జరిగిన మేలు రెండు రకాలు. జబ్బు వచ్చిన పిల్లల్ని క్యాన్సర్ రాకముందే గుర్తించి ఆపరేషన్ చేయగలిగారు. జబ్బు రాని పిల్లలకు ఆ మాట ధైర్యంగా చెప్పగలిగారు. ఆ రోజుల్లో రక్తపరీక్ష లేదు. దీపం బిగించిన గట్టి గొట్టంతో పేగు చివరి భాగాన్ని కంటితో చూడటమొక్కటే దారి. పరీక్షకు రావాలంటే పిల్లలకు భయం, పెద్దలకు సిగ్గు. అయినా కుటుంబాలు వచ్చాయి. ఎదురుగా కూర్చున్న మనిషి తమ ఇంటి చావుల గురించి ఓపికగా అడిగి, మర్యాదగా వింటే జనం చెబుతారు.

ఎ, బి, సి

డ్యూక్స్‌కు ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చింది 1932లో ఆయన రాసిన వర్గీకరణ. పురీషనాళం క్యాన్సర్ పేగు గోడ దాటకపోతే ఎ, గోడ దాటి బయటి కణజాలంలోకి వెళితే బి, దగ్గరి లింఫు గ్రంథులకు పాకితే సి. ఇంతే. ఒక పల్లెటూరి ఆస్పత్రి డాక్టరు కూడా గుర్తుపెట్టుకోగలిగినంత సులువు. ఎ అయితే బతికే అవకాశం చాలా ఎక్కువ, సి అయితే తక్కువ. డి అనే నాలుగో మెట్టును తర్వాత వేరేవాళ్లు చేర్చారు. ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా టి.ఎన్.ఎం. అనే వివరమైన పద్ధతి వాడుతున్నా, దానికి పునాదుల్లో ఒకటి డ్యూక్స్ వేసిందే.

రెండో జబ్బు

అదే ఆస్పత్రికి మరో రకం రోగులు కూడా వచ్చేవారు. వాళ్లకూ నెత్తురు పడేది, జిగట విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం ఉండేవి. వాళ్లలోనూ చాలామంది పడుచు వయసువాళ్లే. కానీ వాళ్ల జబ్బు వేరు. పెద్దపేగు లోపలి పొర వాచి, ఎర్రబడి, పుండ్లు పడుతుంది. దీన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. ఇది పురీషనాళం దగ్గర మొదలై పైకి పాకుతుంది. దీనికి అన్నదమ్ముల వరుసయ్యే జబ్బు క్రోన్స్ డిసీజ్. అది పేగులో ఎక్కడైనా రావచ్చు, గోడ లోతుల్లోకి కూడా వెళుతుంది. ఈ రెంటినీ కలిపి ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అంటారు. మన శరీరంలోని రక్షణ వ్యవస్థే పేగు మీద తిరగబడటం వల్ల వస్తాయని ఇప్పుడు తెలిసింది. ఇవి అంటువ్యాధులు కావు. ఒక ఇంట్లో ఒకరికి ఉంటే మిగతా వాళ్లకు అవకాశం కొంత పెరుగుతుంది గానీ, వంశపు పాలిపోసిస్ లాగా సగానికి సగం అన్న లెక్క దీనికి లేదు.

డ్యూక్స్ ఈ జబ్బును కూడా అంతే శ్రద్ధగా చదివారు. లాక్‌హార్ట్-మమ్మరీ కొడుకు కూడా అదే ఆస్పత్రిలో సర్జన్. ఆయనతో కలిసి అల్సరేటివ్ కొలైటిస్ మీద 1957లో పెద్ద వ్యాసం ప్రకటించారు.

ఇక్కడే ఆయన పని విలువ మనకు బాగా తెలుస్తుంది. కొలైటిస్‌లో పుండ్లు పడి మానుతున్నప్పుడు, పుండ్ల మధ్య మిగిలిపోయిన పొర ముక్కలు దిబ్బల్లా పైకి లేచి కనబడతాయి. చూడటానికి అచ్చం పాలిప్స్ లాగే ఉంటాయి. కానీ అవి అడినోమాలు కావు, వాటంతట అవి క్యాన్సర్‌గా మారేవీ కావు. అందుకే వీటిని సూడోపాలిప్స్, అంటే పాలిప్‌లా కనబడే ఉత్త పిలకలు అంటారు. గొట్టంలోంచి చూసే కంటికి రెండూ ఒకటే. మైక్రోస్కోపు కింద మాత్రం వేరు. వాపు పిలకలో వాచిన మామూలు పొర కనబడుతుంది. అడినోమాలో కణాలు దారి తప్పి, ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ పెరగడం కనబడుతుంది. ఒకరికి ముందు మందులు వాడి చూడాలి. ఇంకొకరికి ఆపరేషన్ చేసి, వాళ్ల ఇంట్లో వాళ్లందరినీ పిలిపించాలి. ఈ రెంటినీ తారుమారు చేస్తే ఒక కుటుంబం మొత్తం నష్టపోతుంది.

రెండూ ఒకే మనిషికి వస్తే

నేను ఈ వ్యాసానికి డ్యూక్స్‌ను ఎంచుకోవడానికి కారణం ఈ ప్రశ్నే. పేగు వాపు జబ్బు, వంశపు పాలిపోసిస్, రెండూ ఒకే మనిషికి రావచ్చా? రావచ్చు. చాలా చాలా అరుదు. ప్రపంచ వైద్య పత్రికల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా ఇలాంటి రోగుల వివరాలు వచ్చాయి.

చిన్న లెక్క వేసి చూద్దాం. పాలిపోసిస్ పదివేల మందిలో ఒకరికి. కొలైటిస్ అయిదు వందల మందిలో ఒకరికని లెక్క కోసం అనుకుందాం. రెంటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, రెండూ ఉన్న మనిషి యాభై లక్షల మందిలో ఒకరు. ఒక డాక్టరు తన ఉద్యోగ జీవితం మొత్తంలో ఒక్కరిని కూడా చూడకపోవచ్చు. చూడని దాన్ని గుర్తుపట్టడం కష్టం. ముందు కొలైటిస్ అని తేలితే, తర్వాత కనబడ్డ పిలకలన్నీ వాపు పిలకలే అని వదిలేసే ప్రమాదం ఉంది. ముందు పాలిపోసిస్ అని తేలితే, నెత్తురు, విరేచనాలు అన్నీ పిలకల వల్లే అనుకుని వాపును పట్టించుకోకపోయే ప్రమాదం ఉంది. పైగా వాచిన పేగులో కణాలు మానే క్రమంలో ఉన్నప్పుడు క్యాన్సర్ తొలి దశ కణాల్లా కనబడి, అనుభవం ఉన్న పాథాలజిస్టును కూడా తికమక పెడతాయి.

వైద్యం విషయంలోనూ చిక్కులున్నాయి. పాలిపోసిస్ ఒక్కటే ఉంటే, కొంతమందిలో పెద్దపేగు తీసేసి చిన్నపేగును పురీషనాళానికి కలిపి, మిగిలిన ఆ భాగాన్ని ఏటా గొట్టంతో చూసుకుంటూ ఉంటారు. కానీ ఆ పురీషనాళమే కొలైటిస్‌తో వాచి ఉంటే దాన్ని ఉంచడం మంచిది కాదు. అప్పుడు అదీ తీసేయాల్సి వస్తుంది.

ఇలాంటి స్థితిలో డాక్టరుకు దారి చూపేవి రెండే. ఒకటి, ఒక్క చోట కాకుండా పలు చోట్ల నుంచి తీసిన పిలకల ముక్కలను మైక్రోస్కోపులో పరీక్షించడం. రెండోది, మీ ఇంట్లో చిన్న వయసులో పేగు జబ్బుతో ఎవరైనా పోయారా అన్న ప్రశ్న. ఈ రెండు పనులూ డ్యూక్స్ జీవితాంతం చేసినవే.

ఆయన తర్వాత

డ్యూక్స్ 1956లో పదవీ విరమణ చేశారు. ఆయన స్థానంలో వచ్చిన బేసిల్ మార్సన్ కూడా గొప్ప పాథాలజిస్టు. 1960లో మార్సన్, చిన్న లాక్‌హార్ట్-మమ్మరీ కలిసి క్రోన్స్ డిసీజ్ పెద్దపేగులో కూడా వస్తుందని, అది కొలైటిస్ కంటే వేరని స్పష్టంగా చూపించారు. ఒకేలా కనబడే రెండు జబ్బులను విడదీసే పని అక్కడ అలా కొనసాగింది. డ్యూక్స్ 1977లో, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మరుసటి ఏడు, 1978లో, అదే ఆస్పత్రికి చెందిన పార్క్స్, నికోల్స్ అనే సర్జన్లు ఒక కొత్త ఆపరేషన్ ప్రకటించారు. అంతకు ముందు పెద్దపేగు, పురీషనాళం రెండూ తీసేస్తే పొట్ట మీద రంధ్రం పెట్టి, జీవితాంతం సంచి కట్టుకోవాల్సి వచ్చేది. వాళ్లు చిన్నపేగు చివరి భాగాన్నే మడిచి కుట్టి, లోపలే ఒక సంచిలా తయారు చేసి మలద్వారానికి కలిపారు. దీన్ని పౌచ్ అంటారు. కొలైటిస్ రోగులకూ, పాలిపోసిస్ రోగులకూ ఇదే ఆపరేషన్ పనికొచ్చింది. అయితే ఒక విచిత్రం బయటపడింది. కొలైటిస్ వల్ల పౌచ్ పెట్టించుకున్న వారిలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఆ పౌచ్ కూడా వాస్తుంది. పాలిపోసిస్ వారిలో ఇది చాలా తక్కువ. ఆపరేషన్ ఒకటే, కుట్టు ఒకటే, కానీ లోపలి జబ్బు స్వభావం వేరు. అందుకే రెండు జబ్బులూ ఉన్న మనిషికి పెద్దపేగు తీసేశాక కూడా పౌచ్ మీద డాక్టర్లు ఓ కన్నేసి ఉంచాలి.

1987లో వంశపు పాలిపోసిస్‌కు కారణమైన జన్యువు అయిదో క్రోమోజోమ్ మీద ఉందని తేలింది. 1991లో ఆ జన్యువునే గుర్తించారు. దాని పేరు ఎ.పి.సి. తరతరాల వివరాలు రాసిపెట్టిన కుటుంబాలు లేకపోతే ఆ వెతుకులాటకు ఆధారమే ఉండేది కాదు. ఇప్పుడు ఇంట్లో ఒకరిలో ఆ జన్యువు లోపం ఎక్కడుందో తెలిస్తే, మిగతా పిల్లలకు ఒక్క రక్తపరీక్షతో ఉందో లేదో చెప్పగలరు. లేనివాళ్లకు ఏటేటా గొట్టం పరీక్ష బాధ తప్పింది.

మనం నేర్చుకోవలసింది

నేను ఎం.ఎస్సీ. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మా తాత ఎలా పోయాడని అడిగితే కడుపునొప్పితో అంటారు. ఆయన అన్న ఎలా పోయాడంటే అదీ కడుపునొప్పే. ఏ వయసులో అంటే పెద్ద తుఫాను వచ్చిన ఏడో, మరుసటి ఏడో అంటారు. మనలో చాలామంది ఇళ్లలో ఇంతే. చదవడం, రాయడం వచ్చిన మనిషి ఇంట్లో లేకపోతే చావులు కూడా లెక్కలోకి రావు. ఆస్పత్రి కాగితాల్లో కుటుంబ చరిత్ర అనే గడి ఉంటుంది. మన దగ్గర ఆ గడి ఖాళీగా పోతుంది.

అందుకే తమ్ముళ్లకు ఒక మాట. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకోండి. అమ్మమ్మనూ నాయనమ్మనూ కూర్చోబెట్టి అడగండి. తాతలు, మేనత్తలు, పెదనాన్నలు, మేనమామలు ఎవరెవరు, ఎవరు సుమారుగా ఏ వయసులో, ఏ బాధతో పోయారో రాయండి. నెత్తుటి విరేచనాలు, నలభై అయిదు నిండకముందే పేగు క్యాన్సర్, షుగర్, గుండెపోటు, ఏదైనా సరే. మూడు తరాలు చాలు. చిత్తుగా ఉన్నా పరవాలేదు. మీ పిల్లలకు ఏ డాక్టరైనా ఆ ప్రశ్న వేసినప్పుడు మీ దగ్గర జవాబు ఉంటుంది.

ఇంకో మాట. మలంలో నెత్తురు పడితే మొలలని మనమే అనుకుని, ఊళ్లో ఎవరో ఇచ్చిన పసరు తాగి ఊరుకోవద్దు. చాలాసార్లు అవి మొలలే కావచ్చు. మన దగ్గర అమీబా విరేచనాలు, పేగు క్షయ కూడా ఇలాగే కనబడతాయి, వాటికి మంచి మందులున్నాయి. కానీ ఏదో తేల్చాల్సింది పరీక్ష చేసిన డాక్టరు. వారాల తరబడి నెత్తురు పడుతుంటే, బరువు తగ్గుతుంటే, రాత్రి నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్లాల్సి వస్తుంటే, సిగ్గుపడకుండా వార్డెన్ గారికి చెప్పండి, లేదా గదిలో ఉన్న అన్నకు చెప్పండి. నలుగురున్న హాస్టల్లో ఇలాంటి మాట బయటపెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. చెప్పిన తమ్ముణ్ణి చూసి నవ్వకుండా ఉండే బాధ్యత మిగతా వాళ్లది.

డ్యూక్స్ చేరిన ఆస్పత్రి సిగ్గుపడే జబ్బులున్న బీదవాళ్ల కోసం ఏడు పడకలతో మొదలైంది. అక్కడ ఒక డాక్టరూ, ల్యాబులో చేరిన ఒక కుర్రాడూ ఓపికగా అడిగి రాసిన పేర్లు, వయసులు నూరేళ్లు దాటినా పనికొస్తున్నాయి. చదువు నేర్చిన మనం మన ఇంటి పేర్లు, వయసులయినా రాసి పెడదాం.